అద్భుత చిత్రాలలో తొలి దృశ్యం

కావ్యం ఆశీస్సుతోగాని, నమస్కారంతోగాని, వస్తునిర్దేశంతోగాని ప్రారంభం కావాలని మన ఆలంకారికులు చెప్పారు. చెప్పబోయే కథ ఎటువంటిదో ఆరంభంలోనే సూచించడం వస్తునిర్దేశం. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ముఖం చూపకముందే తెర మీదుగా జడ వేస్తుంది. ఆ జడతోనే ఆమె అతిశయం సభకు తెలిసిపోతుంది. అద్భుతరస ప్రధానమైన చలనచిత్రంలో ఈ రెండు పనులూ తొలి దృశ్యాలలోనే జరగాలి. ఇది ఏ లోకమో తెలియాలి. ఇందులోని మనుషులు ఎటువంటివారో తెలియాలి.

సాంఘిక చిత్రానికి ఇంత తొందర లేదు. అందులోని ఇల్లు, వీధి, బడి మనకు పరిచితమైనవే. అద్భుత కథలోనైతే చాప ఎగరవచ్చు, మనిషి మరొకరి రూపం ధరించవచ్చు. ఏది సాధ్యమో, ఏది అసాధ్యమో ముందుగా తెలియకపోతే నాయకుడు ఆపదలో పడినా మనకు భయం కలగదు. ఏదో ఒక మాయ వచ్చి రక్షిస్తుందిలే అనుకొంటాము.

1957లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో వెలువడిన 'మాయాబజార్' ఇందుకు చక్కని ఉదాహరణ. దానికి రచయిత పింగళి నాగేంద్రరావు. ఆ కథారంభంలో 'ప్రియదర్శిని' అనే పేటిక ఉంది. దానిలోకి చూచిన వారికి తమకు అత్యంత ప్రియమైనది గోచరిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరామునికి దుర్యోధనుడు, శ్రీకృష్ణునికి శకుని కనిపిస్తారు. ఒక్క పేటికతో ఇది మాయలకు చోటున్న లోకమని తెలిసింది. ముగ్గురి మనస్సులూ తెలిశాయి. తరువాత బలరాముడు చెల్లెలికిచ్చిన మాట మరచి దుర్యోధనునితో వియ్యానికి సిద్ధపడినా, ఘటోత్కచుడు శశిరేఖ రూపం దాల్చినా మనకు అసంగతమనిపించదు. శకుని కృష్ణునికి ప్రియుడెట్లయ్యాడన్న ప్రశ్న మాత్రం మనలను కథవెంట నడిపిస్తుంది.

మాయలు లేకుండానూ ఈ పని చేయవచ్చు. ఎస్.ఎస్.రాజమౌళి దర్శకత్వంలో 2015లో వచ్చిన 'బాహుబలి' తొలి భాగం ఆరంభంలో, గాయపడిన శివగామి ఉద్ధృతమైన ప్రవాహంలో మునిగిపోతూ పసిబిడ్డను ఒంటిచేత్తో నీటిపైకి ఎత్తి పట్టుకొంటుంది. తన ప్రాణం పోయినా బిడ్డ బతకాలని పరమశివుని వేడుకొంటుంది. మానవశక్తిని మించిన సంకల్పం గలవారి కథ ఇదని ఆ చేయి చూడగానే అర్థమవుతుంది. పెద్దవాడైన ఆ బిడ్డ జలపాతాన్ని ఎక్కబోతే మనం అతిశయోక్తి అనుకోము.

ఇటీవలి కొన్ని చిత్రాలలో వేలయేండ్ల చరిత్రను వ్యాఖ్యాత ఏకబిగిన వినిపిస్తాడు. ఆపై నాయకుడు వందమందిని గాలిలోకి ఎగరవేస్తూ ప్రవేశిస్తాడు. పూర్వకథ చెప్పడం తప్పు కాదు. కొన్ని కథలకు అది అవసరం కూడా. కాని చెవికి చెప్పినది ఒక మనిషి చేష్టలో కంటికి కనిపించకపోతే మనస్సున నిలవదు. నాయకుని బలం తెలిసింది గాని, అతని కోరిక ఏమిటో, భయం ఏమిటో తెలియలేదు. అటువంటివాడు గెలిచినా ఓడినా మనకు ఒకటే.

సాంకేతిక ప్రగతిని నేను తక్కువ చేయడం లేదు. కోట ఎంత ఎత్తో చూపడానికి యంత్రాలు చాలు. ఆ కోట ఎదుట నిలిచినవాడు ఏమి కోరి వచ్చాడో చూపడానికి మాత్రం మంచి రచయిత కావాలి.