నాటకము తెరకెక్కినప్పుడు



టీవీలో పాత పౌరాణిక చిత్రము వస్తుంటే ఇంట్లో పెద్దవారు కాసేపు చూచి, "నాటకములో ఉన్న రుచి దీనిలో ఏదీ?" అని లేచిపోవటం మన పల్లెల్లో చాలా ఇండ్లలో జరిగేదే. పిల్లలకు ఆ మాట అర్థము కాదు. సినిమాలో నిజమైన గుర్రములున్నాయి, కోటలున్నాయి, పేరుమోసిన నటులున్నారు. గుడ్డతెర మీద గీసిన కోటలో, పెట్రోమాక్సు దీపపు వెలుగులో అంత రుచి ఏముంటుంది?

ఈ నెల ఆ సంగతి ఆలోచిద్దాము. దానితోపాటు ఇంకొక సంగతి కూడ. కొన్ని వినోదములు మనకు ఇష్టమే గాని, ఇష్టమని పదిమందిలో చెప్పుకోము. అట్టి చాటుమాటు ఇష్టములలో నిజముగా సిగ్గుపడవలసినవి ఏవి? ఊరకే సిగ్గుపడుతున్నవి ఏవి?

తెలుగు సినిమా పుట్టిందే నాటకశాలలో. మొదటి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" 1932 ఫిబ్రవరి 6న విడుదలయింది. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. సురభివారు ఆడుతూ వచ్చిన నాటకమునే, సురభి కమలాబాయి మొదలైన రంగస్థల నటులతోనే చిత్రముగా తీశారు. ఆ రోజుల్లో నాటకమును ఉన్నది ఉన్నట్టు కెమెరా ముందు పెడితే చాలుననుకున్నారు.

చాలదని త్వరలోనే తెలిసింది. 1936లో ద్రౌపది కథ మీదనే రెండు చిత్రములు పోటీగా వచ్చాయి. ఒకటి "ద్రౌపదీ వస్త్రాపహరణం", రెండవది "ద్రౌపదీ మానసంరక్షణం". రెండవదానిలో దుర్యోధనుడుగా బళ్లారి రాఘవ నటించారు. తెలుగు నాటకరంగములో అంత గొప్ప పేరున్న నటులు ఆనాడు అరుదు. రాగము సాగదీయటం తగ్గించి సహజముగా నటించాలని వాదించినవారు ఆయన. అయినా జనము మొదటి చిత్రమునే ఆదరించారు. రాఘవగారి చిత్రము దెబ్బతిన్నది. గొప్ప నటుడున్నంత మాత్రాన గొప్ప నాటకము గొప్ప సినిమా కాదని తేలిపోయింది.

ఎందుకిట్లా జరుగుతుంది? పద్యనాటకము ఎట్లా నడుస్తుందో గమనిస్తే తెలుస్తుంది.

నాటకములో పద్యమనేది కథను ముందుకు నడిపించే మాట మాత్రమే కాదు. నటుడు పద్యము ఎత్తుకుంటాడు. హార్మోనియము వాయించేవాడు అతని నోటివైపు చూస్తూ వెంట వస్తాడు. చివరి పాదము మీద రాగము ఎంతసేపు నిలపాలో ముందుగా ఎవరూ వ్రాసిపెట్టలేదు. జనము కదలకుండా వింటుంటే ఇంకా సాగుతుంది, దగ్గులు వినబడితే తగ్గుతుంది. "వన్స్‌మోర్" అని కేక వేస్తే చనిపోయి పడిన పాత్రధారి కూడ లేచి పద్యము మరల పాడి, మరల పడిపోయిన సందర్భములను పెద్దలు నవ్వుతూ చెబుతారు. అంటే ఆ పద్యములో చూచేవానికి కూడ పాలు ఉంది. సినిమాలో అది లేదు. పద్యము ముందే రికార్డు అయిపోయింది. మీరు చప్పట్లు కొట్టినా కొట్టకపోయినా అది ఒకే కొలతలో వచ్చి వెళ్లిపోతుంది. తెల్లవారుజాము వరకు సాగవలసిన కథ మూడు గంటలలో ముగియాలి.

ఇంకొకటి చూడండి. కాంట్రాక్టు నాటకములలో ఒక రాత్రిలో ఇద్దరు ముగ్గురు కృష్ణులుంటారు. ఒక సీనుకు ఒకరు. మొదటి కృష్ణుడు సన్నగా, రెండవ కృష్ణుడు లావుగా ఉన్నా జనము ఏమీ అనుకోరు. వారు వచ్చింది కంఠము వినటానికి, ఇద్దరిలో ఎవరు బాగా పాడారో పోల్చి చూచుకోవటానికి. కెమెరా అట్లా ఒప్పుకోదు. అది ముఖమును దగ్గరగా చూపుతుంది గనుక అన్నీ నిజములాగా ఉండాలంటుంది. నిజమైన అడవిలో, నిజమైన చెట్టు క్రింద నిలబడిన మనిషి ఐదు నిమిషాలు రాగము తీస్తే మనకే వింతగా తోస్తుంది. వేదిక మీద అదే సహజముగా ఉంటుంది.

హరిశ్చంద్ర కథ దీనికి మంచి ఉదాహరణ. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి వ్రాసిన హరిశ్చంద్ర నాటకము ఎన్ని ఊళ్లలో ఎన్ని రాత్రులు ఆడారో లెక్కలేదు. ఆ కథను సినిమాగా అనేకసార్లు తీశారు. 1965లో "మాయాబజార్" తీసిన కె.వి. రెడ్డిగారే ఎన్.టి. రామారావు, ఎస్. వరలక్ష్మిలతో "సత్య హరిశ్చంద్ర" తీశారు. అనుభవమున్న దర్శకుడు, పెద్ద నటుడు, మంచి సంగీతము. అయినా అది ఆడలేదు. అదే సంవత్సరము కన్నడములో రాజ్‌కుమార్ నటించిన "సత్య హరిశ్చంద్ర" బాగా విజయవంతమయింది. 2008లో దానికి రంగులు అద్ది మరల విడుదల కూడ చేశారు. కథలో లోపము లేదని దీనివలన తెలుస్తుంది. మన తెలుగువారి చెవులలో అప్పటికే కాటిసీను నిండిపోయి ఉంది గనుక, తెర మీద ఏది చూపినా తక్కువగానే తోచిందేమోనని నా అభిప్రాయము.

ఆ కాటిసీను గురించి మన కుటుంబములు తెలిసికోవలసిన మాట ఒకటి ఉంది. హరిశ్చంద్రుడు శ్మశానములో నిలిచి పాడే పద్యములలో జనము ఎక్కువగా ఎదురుచూచేవి నాటకకర్త వ్రాసినవి కావు. అవి 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువాగారి "శ్మశానవాటి" ఖండికలోనివి. ఆయన వాటిని నాటకము కొరకు వ్రాయలేదు. నటులే తెచ్చి కాటిసీనులో చేర్చుకున్నారు. రాజు, బీద, కవి, కూలి అందరూ ఆ నేలలో ఒక్కటే అని చెప్పే పద్యములవి. అంటరానివాడని దూరముగా నిలబెట్టిన క్రైస్తవ కవి మాటలను, అగ్రవర్ణముల నటులు కూడ నోరారా పాడి వన్స్‌మోర్‌లు పొందారు. అదే జాషువాగారికి "క్రీస్తు చరిత్ర" కావ్యమునకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చింది.

అయితే తెరకెక్కిన ప్రతి నాటకమూ నిరాశపరచిందని అనుకోవద్దు. కాళ్లకూరి నారాయణరావుగారు కట్నపు దురాచారము మీద వ్రాసిన "వరవిక్రయము" 1939లో సి. పుల్లయ్యగారి దర్శకత్వములో చిత్రమయింది. భానుమతిగారికి అది మొదటి సినిమా. కట్నము బాధ తట్టుకోలేక ప్రాణము తీసికొనే కాళింది పాత్ర ఆమెది. పిసినారి లింగరాజుగా నటించినది హరిశ్చంద్ర నాటకకర్త బలిజేపల్లివారే. ఆ నాటకము బలము రాగములో కాక ఇంటింటి మాటలలో ఉంది గనుక కెమెరాకు ఒదిగింది.

"శ్రీకృష్ణ తులాభారము" కూడ అంతే. బాపట్ల స్థానం నరసింహారావుగారు స్త్రీపాత్రలలో ప్రసిద్ధులు. సత్యభామగా ఆయన పాడే ఒక పాటకు ప్రతిసారి ఒక కొత్త అభినయము చూపేవారని చెప్పుకుంటారు. 1966 చిత్రములో ఆ పాటను పి. సుశీలగారు పాడగా జమునగారు అభినయించారు. సినిమావారు అదే రాగమును సాగదీయక, ఆ సత్యభామ అతిశయమును మాత్రము పట్టుకున్నారు. అందుకే ఆ పాట నేటికీ నిలిచింది. దేనిని తీసికోవాలో, దేనిని వేదికకే వదిలిపెట్టాలో ఎరిగినప్పుడు సినిమా గెలిచింది.

ఇక మొదట చెప్పిన చాటుమాటు ఇష్టముల దగ్గరకు వద్దాము.

అదే కాళ్లకూరివారు వ్రాసిన మరియొక నాటకము "చింతామణి". వేశ్యాలోలత వలన కుటుంబములు ఎట్లా కూలిపోతాయో చూపటానికి వ్రాశారు. త్రాగుడు మీద ఆయనే "మధుసేవ" వ్రాశారు. 1956లో భరణి సంస్థవారు "చింతామణి" సినిమా తీశారు. భానుమతి చింతామణి, రామారావు బిల్వమంగళుడు, రేలంగి సుబ్బిశెట్టి. ఇంతమంది ఉన్నా నాటకమునకున్న పేరులో కొంతైనా ఆ సినిమాకు రాలేదు.

కారణము కొంతవరకు ఇంతకుముందు చెప్పినదే. కాని మరియొక కారణము ఉంది, దానిని సూటిగా చెప్పుకోవాలి. రానురాను వేదిక మీద సుబ్బిశెట్టి పాత్రధారులు పుస్తకములో లేని బూతుమాటలు చేర్చారు. చాలామంది ఆ మాటల కొరకే రాత్రంతా కూర్చునేవారు. ఊరిలో భార్యాబిడ్డలతో కలిసి వినలేని మాటలకు చీకటిలో పగలబడి నవ్వారు. సంస్కరణ కొరకు వ్రాసిన నాటకము ఒక కులమువారిని ఎగతాళి చేసే ఆటగా మారిపోయింది. ఆర్యవైశ్యులు చాలా కాలము అభ్యంతరము చెప్పారు. చివరకు 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది. దాని మీద బ్రతికే కళాకారులు తమ కూడు పోయిందని బాధపడ్డారు. నూరేండ్ల నాటకమును, అందులోని మంచి ఉద్దేశమును ఆపివేయటం తగునా అని అడిగినవారున్నారు. ఆ మాటలోను న్యాయముంది.

నిషేధము మంచిదా కాదా అన్నది పెద్దల చర్చ. మన ఇంటి ప్రశ్న వేరు. "సినిమాలో ఆ రుచి లేదు" అన్నప్పుడు మనము వెదకుచున్న రుచి ఏది? కంఠమా, రాగమా? లేక ఒకరి పరువు తీసే మాటకు వచ్చే నవ్వా?

ఇది ఇతరుల సంగతి అనుకోవటానికి వీలులేదు. హరిశ్చంద్రలో కాటికాపరి వీరబాహుడు చాలా ప్రదర్శనలలో కల్లుకుండతో తూలుతూ వస్తాడు. అతని యాస చూచి, తాగుడు చూచి జనము నవ్వుతారు. వెనుక వరుసలో నేల మీద కూర్చున్న మన పేటల పెద్దలు ఆ నవ్వును విన్నారు. కొందరు తామూ నవ్వారు. కాసేపటికి అదే సీనులో జాషువాగారి పద్యము మ్రోగింది. ఒకే సీనులో ఒకటి మనిషిని తగ్గించింది, ఒకటి మనిషిని నిలబెట్టింది. రెండింటికీ చప్పట్లు పడ్డాయి. సుబ్బిశెట్టిని చూచి నవ్వేటప్పుడు వీరబాహుని గుర్తు చేసికొంటే చాలు, ఆ నవ్వు ఎదుటివానికి ఎక్కడ తగులుతుందో మనకు ఇంకెవరూ చెప్పనక్కరలేదు.

దీనికి భిన్నముగా, ఏ దోషమూ లేని ఇష్టములకు సిగ్గుపడేవారు మన సంఘములలో చాలామంది ఉన్నారు. నాటకములకు పోరాదని కట్టడి చేసిన రోజులలో పెరిగిన పెద్దలు, తమకు పద్యము ఇష్టమని నేటికీ గొంతు తగ్గించి చెబుతారు. మనుమలు నవ్వుతారని పాత పద్యముల క్యాసెట్లు పెట్టె అడుగున దాచుకున్నవారున్నారు. సెల్‌ఫోనులో ఒంటరిగా కాటిసీను పెట్టుకొని, ఎవరైనా వస్తే ఆపివేసేవారున్నారు. "సాగదీశారు" అని అందరిముందు అంటూనే 1965 సినిమాను చివరివరకు చూచేవారున్నారు. వీరిలో ఎవరికీ క్షమాపణ అవసరము లేదు. సినిమా పండితులు బాగాలేదన్నది మనకు బాగుండటం తప్పు కాదు. పాతబడిన రాగము మీద మక్కువ తప్పు కాదు. మన ఆరాధనలో మ్రోగే హార్మోనియము, ఆ వేదిక పక్కన మ్రోగిన హార్మోనియము ఒకే పెట్టె. క్రిస్మస్ నాటకములో హేరోదు తలకు పెట్టే కిరీటము చాలా ఊళ్లలో దుర్యోధనుని పెట్టెలోనుంచి అద్దెకు వచ్చినదే.

కనుక తేడా తెలిసికోవటానికి ఒక చిన్న గుర్తు పెట్టుకుందాము. నలుగురు నవ్వుతారని దాచుకునే ఇష్టము వేరు. నలుగురిలో ఒకరి మనస్సు నొస్తుందని దాచుకునే ఇష్టము వేరు. మొదటిదానిని ధైర్యముగా బయట పెట్టవచ్చు. రెండవదానిని దాచటం కాదు, విడిచిపెట్టాలి.

ఈ నెలలో ఒక ఆదివారము సాయంత్రము మీ ఇంటి పెద్దవారిని అడగండి. మీరు చూచిన నాటకము ఏది? ఏ పద్యమునకు వన్స్‌మోర్ పడింది? ఏ మాటకు జనము నవ్వారు, ఆ నవ్వు ఎవరి మీద? వారికి ఓపిక ఉంటే ఒక పద్యము పాడించండి. గొంతు వణికినా మధ్యలో ఆపవద్దు. సినిమాలో దొరకని రుచి ఏదో పిల్లలకు అప్పుడు తెలుస్తుంది.