అమెరికా సభలో వనితల అర్జీలు

దేశాధ్యక్షపదవి ననుభవించి, అది తొలఁగిన పిమ్మట ఇంటఁ గూర్చుండక, సామాన్య సభ్యుఁడై మరల సభకు వచ్చిన యొక పెద్దమనిషి వృత్తాంతమును ఈ మాసము మీకు మనవి చేయుదుము.

ఆయన పేరు జాన్ క్విన్సీ ఆడమ్సు. 1767లో మాసచూసెట్సు సీమలో జన్మించెను. తండ్రి అమెరికా రెండవ యధ్యక్షుఁడు. తల్లి అబిగేలు బడి మెట్లెక్కినది కాదు. ఇంటనే గ్రంథములు చదివి విదుషి యయ్యెను. 1776లో, క్రొత్త శాసనములు చేయునపుడు స్త్రీలను మఱవవలదని భర్తకు జాబు వ్రాసిన యిల్లాలు ఆమెయే. ఏడేండ్ల బాలుఁడై యుండఁగా ఆడమ్సు ఈ తల్లితోఁ గూడ గుట్టమీఁద నిలిచి బంకర్ హిల్ యుద్ధమును దూరమునుండి చూచెను.

ఆయన రాయబారములు, మంత్రిత్వము, 1825 మొదలు 1829 వఱకు నడపిన అధ్యక్షత - వీనిని మేము విస్తరింపము. ఆయన ఘనకార్యము అటుపిమ్మటనే జరిగినదని మా యభిప్రాయము. 1831 మొదలు తుదిదాఁక ఆయన ప్రతినిధి సభలోనే యుండెను.

ఆ కాలమున దక్షిణ రాష్ట్రములందు నల్లజాతివారిని పశువులవలెఁ గొనుచు నమ్ముచుండిరి. ఈ ఘోరమును మాన్పుఁడని ఉత్తరదేశపు స్త్రీలు ఇల్లిల్లు తిరిగి చేవ్రాళ్లు కూర్చి సభకు మహజరులు పంపసాగిరి. వోటు లేనివారికి అర్జీయే గదా నోరు! 1836లో సభవారు ఆ నోరును గూడ నొక్కిరి: బానిసత్వమును గూర్చిన యర్జీ యెద్దియైనను చర్చింపక ప్రక్కన బెట్టవలసినదని నిబంధన చేసిరి. ఆడమ్సు దీనిని రాజ్యాంగవిరుద్ధమని ఎదిరించెను.

1837లో వర్జీనియాలోని ఫ్రెడరిక్సుబర్గు పట్టణపు తొమ్మండుగురు స్త్రీల యర్జీని ఆయన సభ ముందుంచఁగా, ఆ ప్రాంతపు సభ్యుఁడొకఁడు లేచి, వారు చెడ్డపేరు గల నల్లజాతి యాఁడువారని యాక్షేపించెను. విన్నవించుకొనుటకు శీలపరీక్ష కావలెనని యే శాసనమునను లేదని ఆడమ్సు బదులు చెప్పెను. అంతటితో నూరకుండక, ఆ దేశపు బానిసల బిడ్డలకు యజమానుల పోలికలు వచ్చుచున్నవని విన్నాననియు, అపకీర్తి యెవరిదో యోచింపవలసినదనియు నంటించెను. ముసలాయన మాట కటువే. సభలోని దొరలు తలలు పట్టుకొనిరనిన వింత యేమి?

మఱుసటి యేఁడు మేరీలాండు సభ్యుఁడు హోవర్డు, గృహకృత్యములు విడిచి రాజ్యవిషయములలోఁ దలదూర్చుట వనితలకుఁ దగదనెను. ఆడమ్సు ఊరకుండునా? బైబిలులోని డెబోరాను, ఎస్తేరును, స్వాతంత్ర్యయుద్ధమునాఁటి తమ దేశపు తల్లులను పేర్కొని, పరుల దుఃఖమును గూర్చి స్త్రీ నోరు తెఱచుట గుణమే కాని దోషము కాదని వాదించెను. కురుసభలో ద్రౌపది ప్రశ్నించినపుడు వికర్ణుఁ డొక్కఁడు లేచెను గదా. ఆ కథ మాకుఁ జప్పున స్ఫురించినది. కాని వికర్ణునివలె ఈయన యొక్కసారి పలికి కూర్చుండలేదు. ఎనిమిదేండ్లు విడువక పోరెను.

1842లో ఆయనను అభిశంసింపఁ దలపెట్టిరి. డెబ్బదినాలుగేండ్ల వృద్ధుఁడు రమారమి రెండు వారములు తన పక్షమునఁ దానే వాదింపఁగా, విసిగి తీర్మానమును మానుకొనిరి. తుదకు 1844 డిసెంబరు 3వ తేదీన 108 వోట్లకు 80 వోట్లుగా ఆ నిబంధన రద్దయ్యెను.

1848 ఫిబ్రవరి 21న ఆయన సభలోనే తన బల్లకడ నొఱగిపోయెను. ఇంటికిఁ గొనిపోవు వీలు లేక ప్రక్కనున్న సభాపతి గదిలోఁ బరుండఁబెట్టిరి. 23న అక్కడనే ప్రాణము విడిచెను. ఆ సభామందిరము నేఁడు ప్రతిమలశాలగా నున్నది. ఆయన బల్ల యుండిన తావున నేలలోఁ జిన్న లోహపు పలక యొకటి పొదిగి యున్నది.