లింకరు వ్రాయు అంకె

కొమరోలు ప్రాంతమునుండి గిద్దలూరునకును మార్కాపురమునకును కంప్యూటరు చదువులకై పోవు మన బిడ్డలు సీ భాషలోని లూపులను, పాయింటర్లను వల్లెవేసి, ల్యాబు రికార్డు నిండ ప్రోగ్రాములు వ్రాసి, వైవాలో కంపైలరునకును ఇంటర్‌ప్రెటరునకును గల భేదమును తడుముకొనక చెప్పగలుగుచున్నను, ఆ ప్రోగ్రామును కట్టునపుడు అమర్చవలసిన సెట్టింగులను గూర్చి వారికి ఒక్క గంట పాఠమైనను లేకపోవుట పెద్ద లోపమని నా అభిప్రాయము.

బోర్లాండు సంస్థ 1987లో వెలువరించిన టర్బో సీ వంశము, 64 బిట్ల విండోస్‌పై నేరుగా నడువజాలకున్నను, డాస్‌బాక్స్ ఆశ్రయమున మన ల్యాబులలో నీలితెరతో చిరకాలము నిలిచినది. అందు వృత్తము గీయబూనిన విద్యార్థి ఆప్షన్స్ మెనూలో గ్రాఫిక్స్ లైబ్రరీని ఎన్నుకొననిచో, ఇనిట్‌గ్రాఫ్ అను ఫంక్షను దొరకలేదని, ప్రోగ్రామును లైబ్రరీలతో జతకూర్చు లింకరు మొరపెట్టును. అచ్చట టిక్కు పెట్టుమని సీనియరు చెప్పును. సీనియరు మాట శాసనము గనుక ఏలయని ఎవరును అడుగరు.

విండోస్‌లో సంగతి మరింత సూక్ష్మము. లింకరు తుది ఫైలు శీర్షభాగమున సబ్‌సిస్టమ్ అను చోట 3 వ్రాసిన అది కన్సోలు (అక్షరముల తెర) ప్రోగ్రాము, 2 వ్రాసిన విండోల ప్రోగ్రాము. ఐకానుపై నొక్కినంతనే మొదటిదానికి కన్సోలు తెర దానంతట లభించును. రెండవదానికి లభింపదు గనుక, ప్రింట్‌ఎఫ్ పలుకులు ఎవరికంటను పడవు. మెయిన్ మాత్రమే వ్రాసికొనిన విద్యార్థి విజువల్ స్టూడియో లింకరు సెట్టింగులలో పొరపాటున విండోస్ అని ఎన్నుకొనినచో, విన్‌మెయిన్ కానరాలేదను దోషము వచ్చును; అంతట అతడు నిర్దోషమైన తన కోడును పంక్తిపంక్తిగా దిద్దుచు పొద్దు పుచ్చును. నిపుణులో, నిర్మాణదశలో విండోల ప్రోగ్రామునకును కన్సోలును ఉంచుకొని లోపలి సందేశములను చూచుచు, విడుదలనాడు దానిని తొలగింతురు.

లినక్సులో ఈ విభజన లేదు గదా, ఒక్క విండోస్ పోకడను పాఠ్యాంశము చేయనేల యని ఆక్షేపింపవచ్చును. కాని అచ్చటను వర్గమూలము కట్టు ప్రోగ్రామునకు గణిత లైబ్రరీని జతచేయుమని లింకరునకు చెప్పవలసి వచ్చుచునే యుండును. వ్యవస్థ మారినను లింకరు బెడద తప్పదు.

కావున రికార్డులో అవుట్‌పుట్ పుటకు ప్రక్కన, ప్రోగ్రామును ఏ సెట్టింగులతో కట్టితిమో వ్రాయుటకు అరపుట కేటాయింపవలెను. పరీక్షాధికారి విద్యార్థి చేతికి ఒకే విండోల ప్రోగ్రామునిచ్చి, ఒకమారు కన్సోలుతోను, ఒకమారు కన్సోలు లేకయు కట్టి చూపుమని కోరవలెను.