గానము వీడని గృహము

మహనీయుల గృహములను నిలుపుట యొక కార్యము. వానిని సజీవముగ నుంచుట వేఱొక కార్యము. మనవారు తఱచుగ మొదటిదానితోనే సంతుష్టులగుచున్నారు. గోడలకు సున్నము కొట్టించి, పటమునకు పూలమాల వైచి, జయంతినాడు తలుపు తెఱచి మఱునాడు తాళము వేసినంతమాత్రమున ఆ యిల్లు నిలిచినదనవచ్చునా?

ఈ విషయమున జర్మనీదేశమందలి బాన్ పట్టణము చూడదగినది. సంగీతాచార్యుడు బీథోవెన్ 1770వ సంవత్సరమున అచ్చటి యొక చిన్న యింట జన్మించెను. 1889లో ఆ యిల్లు అమ్మకమునకు వచ్చి, కూలిపోవునను భయము కలుగగా, ఆ యూరి పౌరులు పన్నెండుగురు సంఘముగ నేర్పడి దానిని కొనిరి. ప్రభుత్వము వచ్చి కాపాడునని వారు వేచియుండలేదు. ప్రసిద్ధ వాయులీన విద్వాంసుడు యోసెఫ్ యోఆఖిం వారికి గౌరవాధ్యక్షుడయ్యెను. 1890లోనే వారు గృహసంగీతోత్సవము జరిపిరి. ప్రదర్శనశాల తెఱవబడినది 1893లో. అనగా సంగీతము ముందు, ప్రదర్శనము పిదప!

గృహసంగీతమనగా ముగ్గురు నలుగురు వాద్యకారులు ఒకరినొకరు కనిపెట్టుకొనుచు వాయించునది. గదిలో చేరువనుండి వినుటకై పుట్టినది. బీథోవెన్ వాయించిన వయోలాయు, ఆయన కడపటి పియానోయు నేడును ఆ యింట కలవు. ఇన్నూఱుమందికి మించక కూర్చుండదగిన సంగీతశాలను 1989లో ఆ యింటి ప్రక్కనే తెఱచిరి. పాతగదులు చెడలేదు, పాట ఆగలేదు.

బీథోవెన్ కంటె మూడేండ్లు పెద్దవాడు మన త్యాగరాజస్వామి. ఆయన తెనుగు కృతులు సభామండపములందు గాక, తిరువయ్యారున ఇంట, శిష్యుల నడుమ రూపొందినవి. ఆయన సమాధికి 1925లో మందిరము గట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మ. అందులకు తన సొత్తును వెచ్చించినది. అచట పన్నెండుగురు, ఇచట ఒక్క స్త్రీ! పూనిక గలవారు కొలదిమంది చాలుదురనుటకు ఇంతకంటె నిదర్శనమేల? ఇప్పుడు ఏటేట ఆరాధనకు వేలజనులు చేరుచున్నారు. అది సంతోషమే. కాని ధ్వనివర్ధకములు లేక, గాయకుని ఊపిరి సైతము వినబడునట్లు కూర్చుండి వినుభాగ్యము మనకెచ్చట కలదు?

విజయనగరమును చూడుడు. గురజాడ అప్పారావుగారి యిల్లు అచట స్మారకముగ నున్నది. ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులుగ 1919లో వెలసిన సంగీతకళాశాల ఆ యూరిదే. వీణలు చెక్కు శిల్పులు బొబ్బిలి ప్రాంతమున నున్నారు. వీణానాదము మృదువైనది, పెద్ద పందిళ్లలో అది సగము గాలి పాలగును. ఇల్లు కలదు, విద్య కలదు, వాద్యము కలదు, కూర్పవలసినవారే కావలయును.

జనసమ్మర్దమువలన పాతయిండ్లు చెడునని కొందఱందురు. ఆ మాట త్రోసివేయదగినది కాదు. కావుననే శ్రోతలు నలువదిమందికి మించరాదు. గది చాలనిచో వాకిట వినవచ్చును. ప్రవేశరుసుమును ఇంటికప్పు మరమ్మతునకే వినియోగింపవలెను. లెక్కలు అందఱకు చూపవలెను.

మాసమున కొక్క సాయంకాలము చాలును. పుట్టిననాటి పాటయే లేని యింట పటమెంత పెద్దదైన నేమి? మన పట్టణములందు పన్నెండుగురు దొరకరా?