సైరంధ్రిలో ఏముందని?

"ముక్కాలి నుంచి సైరంధ్రి దాకా 23 కిలోమీటర్లు జీపులో ఒళ్ళు హూనమయ్యేలా వెళ్ళాం. పులి లేదు, ఏనుగు లేదు. ఒక కోతి కోసం కరెంటు ప్రాజెక్టు ఆపేసిన చోటట, అంతే!" కేరళలోని సైలెంట్ వ్యాలీ చూసొచ్చిన బంధువొకాయన మొన్న ఈ మాటన్నాడు. ఇదే మాట ఇంతకుముందు చాలామంది నోట విన్నాను. ఈసారి ఊరుకోబుద్ధి కాలేదు.

ముందు కోతి సంగతి. సింహవాల కోతి చెట్ల కొమ్మల మీదే బతుకుతుంది, నేలకు దిగడం అరుదు. కొమ్మకు కొమ్మ తగిలే దట్టమైన అడవి లేకపోతే దానికి దారే లేదు. కాబట్టి కోతిని కాపాడటమంటే ఆ అడవిని కాపాడటమే. కుంతిపుళ మీద ఆనకట్ట కడితే 8.3 చదరపు కిలోమీటర్ల సతతహరిత అడవి మునిగేది. "మొత్తం 89 చదరపు కిలోమీటర్ల లోయలో అదెంత?" అని అప్పుడూ అడిగారు. మునిగేది నది ఒడ్డు అడవి, లోయకు ఆయువుపట్టు. దానితోపాటు రోడ్లు, క్వారీలు, కూలీల కాలనీలు వస్తాయి. ఆ లెక్క ఆ 8.3లో లేదు.

ఆ ప్రాజెక్టు కరెంటు అందాల్సిన మలబారుకు కరెంటు అక్కర్లేదని కూడా ఎవరూ అనలేదు. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు అనే సంస్థ వేరే దారులున్నాయని లెక్కలతో వాదించింది. సంగతి తేల్చడానికి వేసిన ఎం.జి.కె. మీనన్ కమిటీ పరిశీలన తర్వాత 1983లో ప్రాజెక్టు మానుకున్నారు. 1984లో ఆ లోయ జాతీయ ఉద్యానవనమైంది.

ఇక "ఏమీ కనపడలేదు" అన్న ఫిర్యాదు. ఆనకట్ట కట్టాలనుకున్నది సైరంధ్రి దగ్గరే. (విరాటపర్వం చదువుకున్న మనకు ఆ పేరు కొత్తకాదు, నది పేరు కుంతి.) నేను వెళ్ళిన రోజు సాక్సులో దూరిన జలగను పీకేసుకుంటూ నది దాకా దిగాను. మోకాటి లోతు నీళ్ళ అడుగున గులకరాళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా కనిపించాయి. పైన ఒడ్డు పొడుగునా ఒక్క ఊరూ లేదు. వానాకాలం పీల్చుకున్న నీటిని ఆ అడవి నేల ఎండాకాలమంతా కొద్దికొద్దిగా వదులుతుంది. దాన్ని ఆనకట్ట లేక వృథాగా పోయే నీరంటారా?

ఈ కుంతిపుళ తూతపుళలో, అది భారతపుళలో కలుస్తుంది. ఎండాకాలం కేరళ రైలెక్కిన తెలుగువాళ్ళు షొర్నూరు దగ్గర వంతెన దాటుతూ ఆ భారతపుళను చూసే ఉంటారు. ఇసుక మేటలు, గడ్డి దుబ్బులు, మధ్యలో సన్నటి పాయ. చుట్టూ అడవి పోయి, ఇసుక తవ్వేసిన నది అలా ఉంటుంది.

మా బంధువు సైరంధ్రిలోని వాచ్ టవరెక్కి, ఫొటో దిగి, జీపెక్కేశాడట. నది దాకా నడవనే లేదు.