చెట్టును తరలించారు సరే.. మరి బతికిందా? చేవెళ్ల మర్రిచెట్ల విషయంలో అడగాల్సింది ఇదే

హైదరాబాద్-బీజాపూర్ హైవే విస్తరణతో మర్రిచెట్ల తరలింపు మళ్లీ చర్చల్లోకి వచ్చింది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ వరకు దాదాపు 46 కిలోమీటర్లు. ఈ దారి పొడవునా తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లున్నాయి. నిజాం కాలంలో నాటినవని చెప్తారు. రోడ్డును నాలుగు వరుసలు చేయాలంటే వీటిని ఏం చేయాలన్నదే ఏళ్ల తరబడి నలిగిన వివాదం. పర్యావరణ ప్రేమికులు ఎన్‌జీటీకి వెళ్లారు, పనులు ఆగాయి.

ఆ ఆగడానికీ ఓ మూల్యం ఉంది. ఇరుకు రోడ్డు, ఎదురెదురుగా లారీలు, బస్సులు. 2025 నవంబర్ 3న మీర్జాగూడ దగ్గర ఆర్టీసీ బస్సు, కంకర టిప్పర్ ఢీకొని 19 మంది చనిపోయారు. అంతకు కొద్ది రోజుల ముందే ఎన్‌జీటీలో చిక్కుముడి వీడింది. ఎక్కువ చెట్లను ఉన్నచోటే ఉంచాలి, తప్పనిసరైన కొన్నింటిని వేళ్లతో సహా తీసి వేరేచోట నాటాలి.. ఇదీ కుదిరిన దారి. ప్రమాదం తర్వాత సోషల్ మీడియాలో కొందరు చెట్ల కోసం పోరాడినవాళ్లనే తిట్టారు. అది అన్యాయం. డిజైన్ మార్చి చెట్లు మిగిల్చే మార్గం ఉన్నప్పుడు, అది మొదట్లోనే ఎందుకు రాలేదన్నది కదా అడగాల్సింది?

సరే, తరలింపు అంటే క్రేన్‌తో పెకిలించి లారీ ఎక్కించడం అనుకుంటాం. మన కెమెరాలు కూడా ఆ ఒక్క రోజే వెళ్తాయి. నిజానికి పని అంతకు ముందే మొదలవ్వాలి. కొమ్మలు కత్తిరించి, మొదలు చుట్టూ కందకం తవ్వి, వేళ్లను దశలవారీగా కోయాలి. కోసిన చోట కొత్త పిల్లవేళ్లు రావడానికి కొన్ని వారాల టైమ్ ఇవ్వాలి. ఆ తర్వాతే వేళ్లను పట్టుకున్న మట్టిముద్ద చెదరకుండా గోనెపట్టా చుట్టి లేపాలి. కాంట్రాక్టర్‌కు గడువు దగ్గరపడితే ముందు ఎగిరిపోయేది ఈ వారాలే.

చెట్టు రకాన్ని బట్టి కూడా ఫలితం మారుతుంది. మర్రి, రావి మొండివి. కొమ్మ పాతినా చిగురిస్తాయి, కాబట్టి చేవెళ్ల చెట్లకు ఛాన్స్ ఎక్కువే. లోతుగా తల్లివేరు దిగిన ముదురు వేప, చింత, మామిడి అలా కాదు. రోడ్డు పక్కన ఉండేవన్నీ మర్రిచెట్లే కాదు కదా!

ఇక లెక్కల్లోకి వెళ్దాం. తరలింపు కోసం ఏకంగా ఓ పాలసీయే తెచ్చిన నగరం ఢిల్లీ. ప్రాజెక్టులో పోయే చెట్లలో 80 శాతం తరలించాలి, ఏడాది తర్వాత వాటిలో 80 శాతం బతికుండాలి అని 2020లో రూల్ పెట్టింది. 2022లో ఢిల్లీ హైకోర్టుకు అక్కడి ప్రభుత్వమే ఇచ్చిన లెక్క మాత్రం వేరు. మూడేళ్లలో తరలించిన 16,461 చెట్లలో బతికినవి 5,487. అంటే మూడింట ఒకటి. ఆ లెక్క కోర్టు అడిగితే బయటకొచ్చింది!

మన దగ్గర వాల్టా చట్టం ఉంది, చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. అనుమతి కాగితం మీద "తరలిస్తాం" అని రాస్తే ఫైల్ సాఫీగా కదులుతుంది. కానీ తరలించిన చెట్టుకు రెండు ఎండాకాలాలు నీళ్లు పోసేదెవరు? అసలు టెస్ట్ అక్కడే. కొత్తగా నాటిన చెట్టు మొదట చిగురేస్తుంది. అది కాండంలో దాచుకున్న శక్తితో వేసే చిగురు కూడా కావచ్చు. వేళ్లు పట్టకపోతే వేసవిలో మాడిపోతుంది. చిగురు ఫొటో పెట్టి సక్సెస్ అనేస్తే ఎలా?

చెట్టు విలువ ఎంతో కూడా తెలియనిది కాదు. బెంగాల్ రైల్వే ఓవర్‌బ్రిడ్జిల కేసులో సుప్రీంకోర్టు నియమించిన నిపుణుల కమిటీ, ఒక చెట్టు విలువను ఏడాదికి రూ.74,500గా లెక్కగట్టింది. దాన్ని చెట్టు వయసుతో హెచ్చించాలి. వందేళ్ల మర్రికి అలా వేస్తే 74 లక్షలు దాటుతుంది.

అందుకే చేవెళ్ల రోడ్డులో తరలించే ప్రతి చెట్టుకూ ఒక నంబర్, నాటిన చోటు, ఆరు నెలలకోసారి ఫొటో జనం చూసేలా ఆన్‌లైన్‌లో పెట్టాలి. కాంట్రాక్టర్ బిల్లులో కొంత భాగం రెండో వేసవి దాటేదాకా ఆపాలి. ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. టెండర్‌లో నాలుగు లైన్లు చేరిస్తే చాలు.