జంటపదాలు జారిపోకముందే

పల్లెటూళ్ళలో నలుగురు కూర్చుని మాట్లాడుకుంటే జంటపదాలు వాటంతట అవే దొర్లుతాయి. గొడ్డూ గోదా, చెట్టూ చేమా, పాడీ పంటా, గడ్డీ గాదం, మాటా మంతీ... రెండు మాటలూ ఒకే అక్షరంతోనో, దాని గుణింతంతోనో మొదలవుతాయి. వినేవారికి ఇంపు, చెప్పేవారికి జ్ఞాపకం. కానీ రెండో మాటకు అర్థమేమిటని అడిగితే బాగా చదువుకున్నవారు సైతం తడబడుతున్నారు.

గోద అంటే ఎద్దు. చేమ అంటే చామదుంపల మొక్క. 'వంటా వార్పూ'లో వార్పు అంటే ఉడికిన అన్నం నుంచి గంజి వార్చడం. కుక్కర్లు వచ్చాక గంజి వార్చే ఇళ్ళు తగ్గిపోయాయి. పని పోయినా మాట మాత్రం జంటను పట్టుకుని బతికింది. గోద అనే మాటను విడిగా ఇప్పుడు ఎవరూ వాడరు. తొలి అక్షరం కలవడం వల్లనే అది ఇంకా జనం నోట ఉంది. కాబట్టి ఇదంతా ఉత్త మాటల సోకు అనుకోవడం పొరపాటు.

ఈ జంటలను వెతకడానికి పెద్ద పండితులే కానక్కరలేదు. తాతల నాటి భూమి దస్తావేజు తీసి చూసినా చాలు. అందులో నిధి నిక్షేపాలు, సిద్ధ సాధ్యాలు కనిపిస్తాయి. నిధి అంటే భూమిలో పాతిన సొమ్ము, నిక్షేపం అంటే దాచి ఉంచిన సొమ్ము. సిద్ధం ఇప్పటికే చేతికందిన ఫలం, సాధ్యం ఇకముందు సాధించుకోగల ఫలం. ఏ హక్కూ జారిపోకుండా జంటలుగా కట్టి రాసుకున్నారు ఆనాటివారు.

పద్యాల్లోనూ ఇదే కట్టు ఉంది. దానినే వడి, యతి అంటారు. ఆటవెలదిలో పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం పొసగాలి. తాటాకుల మీద పాదాలు విడదీయకుండా వరుసగా రాసేవారు గనుక, పాదం ఎక్కడ విరుగుతుందో, నకలు రాసినవాడు ఎక్కడ తప్పాడో తేల్చడానికి యతిప్రాసలు ఎంతగానో అక్కరకు వచ్చేవి.

1820లో కడపకు ఉద్యోగరీత్యా వచ్చిన బ్రౌన్ దొర పండితులను పెట్టి తాళపత్ర ప్రతులు సేకరించి సరిచూపించాడు. 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించాడు. 1852లో వెలువడిన ఆయన నిఘంటువులో జనం మాట్లాడుకునే మాటలకూ చోటిచ్చాడు. ఆయన బంగళా ఉన్న చోటనే ఇప్పుడు కడపలో ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. పరాయి దేశస్థుడు పడిన ఆ శ్రమలో పదో వంతైనా జిల్లావాసులు పడవద్దా?

అటకల మీది శతకాలు, హరికథల పుస్తకాలు చెదల పాలవుతున్నాయి, లేదా కిలోల లెక్కన పాత కాగితాల బేరగాళ్ళకు పోతున్నాయి. బడిలో పిల్లలేమో జంటపదాలను గైడు చూసి బట్టీ పడుతున్నారు. పరీక్ష కాగానే అవీ మరుపే.

ఉపాధ్యాయులు తలుచుకుంటే దీన్ని సరిదిద్దడం కష్టమేమీ కాదు. ప్రతి విద్యార్థీ ఇంట్లోని పాత పుస్తకం నుంచి పది జంటలు ఏరాలి. వాటి అర్థం అవ్వనో, తాతనో అడిగి నోటుబుక్కులో రాయాలి. కొన్ని జంటల్లో రెండో మాట ఉత్త తోడుమాట కావచ్చు. అర్థం దొరకనప్పుడు లేనిది కల్పించకుండా, దొరకలేదనే రాయాలి. ఆ నోటుబుక్కులను ఊరి బడిలోనో, దగ్గరలోని గ్రంథాలయంలోనో భద్రపరచాలి.

దీనికి పైసా ఖర్చు లేదు, పైవారి ఉత్తర్వులూ అక్కరలేదు. పాత పుస్తకమూ, దాని మాట తెలిసిన పెద్దలూ ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్న కాలం ఇదే. వచ్చే సెలవులలోనైనా ఊరూరా ఈ పని మొదలు కావలసిన అవసరం ఎంతైనా ఉంది.